వేళకు పిలుపు అందని ఫంక్షన్: పైథాన్ షెడ్యూలింగ్‌లో దోష నిర్ధారణ

పరిచయం

పైథాన్ అభ్యాసంలో ఇప్పటి వరకు మీకు ఎదురైన దోషాలకు ఒక మంచి లక్షణం ఉంది. అవి తమంతట తామే బయటపడతాయి. బ్రాకెట్ మూయడం మరిచిపోతే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. లేని వేరియబుల్‌ను వాడితే నేమ్ ఎర్రర్ వస్తుంది. ఏ వరుసలో తప్పు జరిగిందో కూడా తెరపై కనిపిస్తుంది. ఒక ఫంక్షన్‌ను ఫలానా సమయానికి పిలవమని ప్రోగ్రామ్‌కు అప్పగించినప్పుడు వచ్చే దోషాలు ఇలా ఉండవు. సాయంత్రం ఆరు గంటలకు జరగవలసిన పని జరగదు. తెరపై ఎర్ర అక్షరాలు కనిపించవు, ప్రోగ్రామ్ ఆగిపోయినట్టు కూడా అనిపించదు. జరగని పనికి ఆనవాలు ఎక్కడ వెతకాలో తెలియక చాలామంది విద్యార్థులు కోడ్‌ను మొదటి నుంచి తిరగరాస్తారు. తిరగరాసిన కోడ్‌లో కూడా అదే దోషం ఉంటుంది.

ఈ పాఠం చదివే ముందు ఫంక్షన్లు, లూపులు, ఎక్సెప్షన్ల పాఠాలు పూర్తి చేసి ఉండాలి. కోడ్ పదాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు పైథాన్ పదాలనూ లైబ్రరీ పేర్లనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. మనం పెట్టుకునే ఫంక్షన్ల పేర్లను మాత్రం పైథాన్ 3 తెలుగులో కూడా ఒప్పుకుంటుంది. ఒక చిక్కు ఉంది: మలక్‌పేట అనే పేరులో 'క్' తరువాత పొల్లును విడిగా నిలపడానికి కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. దాన్ని పేర్లలో పైథాన్ అంగీకరించదు. కాబట్టి మన ఊరి పేరుతో వేరియబుల్ పెట్టాలనుకునేవారు నిరాశపడక తప్పదు.

మన ఉదాహరణ

హైదరాబాద్‌లో ఉల్లిగడ్డ టోకు వ్యాపారానికి మలక్‌పేట వ్యవసాయ మార్కెట్ పేరుపొందింది. దేశంలోని మార్కెట్ యార్డుల ధరలను కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ రోజువారీగా ప్రకటిస్తుంది. వచ్చిన సరుకు పరిమాణం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన మోడల్ ధర క్వింటాలు లెక్కన అందులో ఉంటాయి. ఒక విద్యార్థి ఆ రోజు మోడల్ ధరను తీసుకొని, తన ఊళ్లోని రైతులకు రోజూ సాయంత్రం ఆరు గంటలకు సందేశం పంపే ప్రోగ్రామ్ రాశాడనుకుందాం. సందేశం ఆరుకు చేరితే రాత్రికి లారీ ఎక్కించాలా, రెండు రోజులు ఆగాలా అని రైతు ఆలోచించుకోగలడు. రాత్రి పదకొండున్నరకు చేరితే అప్పటికే లారీ బయలుదేరి ఉంటుంది. పాత ధర చేరితే ఇంకా నష్టం. ఇది ఊహించిన ఉదాహరణే అయినా, ఇందులో చెప్పబోయే దోషాలన్నీ పైథాన్‌లో నిజంగా ఎదురయ్యేవే.

ధర తెచ్చి సందేశం పంపే ఫంక్షన్ పేరు ధర_పంపు అనుకుందాం. షెడ్యూల్ అనే లైబ్రరీతో ఆ ప్రోగ్రామ్ ఇలా ఉంటుంది:

షెడ్యూల్.ఎవ్రీ().డే.ఎట్("18:00").డూ(ధర_పంపు)
వైల్ ట్రూ:
    షెడ్యూల్.రన్_పెండింగ్()
    టైమ్.స్లీప్(1)

ఈ నాలుగు వరుసల్లో నాలుగు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. మొదట, ఏ ఫంక్షన్‌ను ఎప్పుడు పిలవాలో ఒక పట్టికలో నమోదవుతుంది. తరువాత, ఆ పట్టికను ఎవరో ఒకరు పదేపదే చూస్తూ ఉండాలి. అలా చూసేటప్పుడు ఏదో ఒక గడియారాన్ని నమ్మాలి. చివరగా, పిలుపు అందిన ఫంక్షన్ తన పని పూర్తి చేయాలి. 'పని జరగలేదు' అనే ఫిర్యాదు ఈ నాలుగింటిలో ఎక్కడ తెగినా ఒకేలా వినిపిస్తుంది. కాబట్టి మన పని ఎందుకు జరగలేదని ఊహించడం కాదు, వ్యవహారం ఎంత దూరం వచ్చి ఆగిందో తెలుసుకోవడం.

దీనికి రెండు చిన్న పరీక్షలు ఉన్నాయి. షెడ్యూల్‌తో సంబంధం లేకుండా ధర_పంపు() అని నేరుగా ఒకసారి పిలిచి చూడండి. అప్పుడు కూడా పని జరగకపోతే దోషం ఫంక్షన్‌లోనే ఉంది, షెడ్యూలింగ్ జోలికి పోనక్కరలేదు. అది సరిగా పనిచేస్తే, సాయంత్రం ఆరు వరకు వేచి ఉండకుండా ఎవ్రీ(5).సెకండ్స్ అని మార్చి నడపండి. అయిదు సెకన్లకోసారి పని జరుగుతూ, ఆరు గంటలకు మాత్రం జరగకపోతే అనుమానం గడియారం మీదికి మళ్లుతుంది. అయిదు సెకన్ల షెడ్యూల్ కూడా పనిచేయకపోతే నమోదులోనో, పట్టిక చూసే లూపులోనో దోషం ఉంది. అయిదు నిమిషాల ఈ పనిని దాటవేసి రోజంతా ఆరు గంటల కోసం ఎదురు చూసేవారిని ఎందరినో చూశాను.

పేరు చెప్పడం, పిలవడం

తరగతిలో ఎక్కువసార్లు కనిపించే దోషం రెండు బ్రాకెట్లది. డూ(ధర_పంపు) అని రాయవలసిన చోట డూ(ధర_పంపు()) అని రాస్తారు. మొదటి దానిలో ఫంక్షన్ పేరు మాత్రమే అప్పగిస్తున్నాం. రెండో దానిలో ఫంక్షన్‌ను అప్పటికప్పుడే పిలిచి, అది తిరిగి ఇచ్చిన విలువను అప్పగిస్తున్నాం. పెళ్లివారు వంటమనిషి ఫోన్ నంబరు అడిగితే, నంబరు ఇవ్వకుండా ఆమెను ఈ పూటే పిలిపించి వంట చేయించి పంపేసినట్టు అవుతుంది. ముహూర్తం నాటికి పిలవడానికి వారి దగ్గర నంబరు లేదు.

ధర_పంపు ఏ విలువనూ తిరిగి ఇవ్వదు కనుక అప్పగించినది 'నన్' అవుతుంది. ఆ తరువాత ఏమి జరుగుతుందన్నది మీరు వాడే లైబ్రరీని బట్టి మారుతుంది. ఈ తేడాలు తెలిస్తే లక్షణాన్ని బట్టి వ్యాధిని గుర్తించవచ్చు. షెడ్యూల్ లైబ్రరీ వెంటనే టైప్ ఎర్రర్ ఇస్తుంది, అది మంచిదే. థ్రెడింగ్.టైమర్(60, ధర_పంపు()) అని రాస్తే సందేశం ఇప్పుడే వెళుతుంది, సరిగ్గా నిమిషం తరువాత 'నన్‌ను పిలవలేము' అనే అర్థంతో టైప్ ఎర్రర్ వస్తుంది. నిమిషం గడిచాక వచ్చే ఆ సందేశాన్ని చూడటానికి మీరు తెర ముందు ఉండాలి.

అన్నిటికంటే చిక్కైనది టికింటర్. కిటికీలతో పనిచేసే ప్రోగ్రాముల్లో విండో.ఆఫ్టర్(60000, ధర_పంపు()) అని రాస్తే ఎర్రర్ రానే రాదు. ఆఫ్టర్‌కు ఫంక్షన్ ఇవ్వకుండా సమయం మాత్రమే ఇస్తే అన్ని మిల్లీసెకన్లు ఊరికే ఆగమని దానికి అర్థం. ఫంక్షన్ ఇప్పుడే నడుస్తుంది, ఆ తరువాత నిమిషం పాటు కిటికీ బిగుసుకుపోతుంది, మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. 'నా కంప్యూటర్ నెమ్మదిగా ఉంది సార్' అని విద్యార్థి చెప్పే సందర్భాల్లో ముందుగా ఈ బ్రాకెట్లను చూడటం మేలు.

ఫంక్షన్‌కు విలువలు కూడా పంపవలసి వచ్చినప్పుడే చాలామంది ఈ బ్రాకెట్లలో పడతారు. ధర_పంపు("ఉల్లిగడ్డ") అని పిలవాలనుకుంటే డూ(ధర_పంపు, "ఉల్లిగడ్డ") అని విడిగా ఇవ్వాలి. టైమర్‌కైతే విలువలను జాబితాగా, ["ఉల్లిగడ్డ"] అని ఇవ్వాలి. చదరపు బ్రాకెట్లు మరిచి ఉత్త మాటను ఇస్తే ఆ మాటలోని ఒక్కో అక్షరాన్ని ఒక్కో విలువగా పంపుతుంది, ఇన్ని విలువలు ఎందుకిచ్చావని ఫంక్షన్ అభ్యంతరం చెబుతుంది. ఇంకొక మార్గం లాంబ్డా. లూపు లోపల లాంబ్డా రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఉల్లిగడ్డ, మిరప, చింతపండు అనే మూడు సరుకులకు లూపులో మూడు లాంబ్డాలు నమోదు చేస్తే సాయంత్రం మూడు సందేశాలూ చింతపండు గురించే వెళతాయి. లాంబ్డా తాను నడిచే సమయంలో వేరియబుల్ విలువను చూస్తుంది. అప్పటికి లూపు చివరి సరుకు దగ్గర ఆగి ఉంటుంది. విలువను విడిగా అప్పగించే పద్ధతిలో ఈ ఇబ్బంది ఉండదు, అందుకే నేను దాన్నే సిఫారసు చేస్తాను.

నమోదు సరిగా జరిగిందో లేదో ఊహించనవసరం లేదు. షెడ్యూల్.గెట్_జాబ్స్() ఫలితాన్ని ప్రింట్ చేయండి. ఏ ఫంక్షన్, ఎప్పుడెప్పుడు, చివరిసారి ఎప్పుడు నడిచింది, మళ్లీ ఎప్పుడు నడవాలి అన్నీ కనిపిస్తాయి. ఖాళీ జాబితా వస్తే నమోదు వరుస అసలు నడవలేదన్నమాట. తరచుగా అది ఎవరూ పిలవని మరొక ఫంక్షన్ లోపల ఉండిపోయి ఉంటుంది.

గడియారంలోని కమ్మరి

మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ మీదుగా కొద్ది దూరం వెళితే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. అక్కడి సంగీత గడియారం ముందు ప్రతి గంటకూ జనం గుమిగూడతారు. వేళ కాగానే ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళుతుంది. అందరూ ఆ బొమ్మ కోసమే చూస్తారు. అదే గడియారంలో మరొక బొమ్మ, కమ్మరిది, సెకను సెకనుకూ సుత్తి వేస్తూ ఉంటుంది. కమ్మరి ఆగాడంటే గడియారమే ఆగిందని అర్థం. గంట కొట్టే బొమ్మ ఇక రాదు.

మన ప్రోగ్రామ్‌లోని వైల్ లూపు ఆ కమ్మరి వంటిది. ఎవ్రీ, ఎట్, డూ అన్నవి పట్టికలో రాసుకోవడమే తప్ప వాటంతట అవి దేనినీ నడపవు. రన్_పెండింగ్‌ను పిలిచిన ప్రతిసారీ పట్టికలో వేళ దాటిన పనులు ఉన్నాయేమో చూసి, ఉంటే నడుపుతుంది. లూపు రాయకపోతే ప్రోగ్రామ్ నమోదు చేసి, ఏ ఫిర్యాదూ లేకుండా ముగిసిపోతుంది. లూపు రాసి కూడా రన్_పెండింగ్‌ను దాని బయట ఉంచితే ప్రోగ్రామ్ నడుస్తున్నట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. పైథాన్‌లో నాలుగు ఖాళీల తేడా ఎంత ఖరీదైనదో ఇక్కడ తెలుస్తుంది.

కమ్మరి చేయి పట్టుకునేవి కూడా ఉంటాయి. ఒకే థ్రెడ్‌లో నడిచే ఈ లూపు ఒక పనిలో ఉన్నంతసేపు మరొక పనిని చూడలేదు. ధర తెచ్చే భాగం ఇంటర్‌నెట్ జవాబు కోసం అలాగే వేచి ఉంటే, పట్టికలోని మిగతా పనులన్నీ దాని వెనుక నిలబడతాయి. రిక్వెస్ట్స్ లైబ్రరీ, మనం టైమ్‌అవుట్ చెప్పకపోతే, జవాబు కోసం ఎంతసేపైనా ఆగుతుంది. షెడ్యూల్ చేసిన ఫంక్షన్‌లో టైమ్‌అవుట్ లేని నెట్‌వర్క్ పిలుపు ఉండకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం. టికింటర్ ప్రోగ్రాముల్లో టైమ్.స్లీప్ వాడితే కిటికీ బిగుసుకుపోయేది కూడా ఇదే కారణంతో. అక్కడ ఆఫ్టర్ మాత్రమే వాడాలి.

ఏపీషెడ్యూలర్‌లోని బ్యాక్‌గ్రౌండ్ షెడ్యూలర్ తన లూపును వేరే థ్రెడ్‌లో నడుపుకుంటుంది. ఆ థ్రెడ్ డీమన్ రకానిది, అంటే ప్రధాన ప్రోగ్రామ్ ముగిసిన క్షణంలో అది కూడా ఆగిపోతుంది. స్టార్ట్() అన్న వరుసతో మీ ఫైలు ముగిసిందంటే షెడ్యూలర్ పుట్టి వెంటనే పోతుంది. ప్రధాన ప్రోగ్రామ్‌ను ఆపి ఉంచే లూపు ఒకటి పెట్టాలి, లేదా బ్లాకింగ్ షెడ్యూలర్‌ను ఎంచుకోవాలి. థ్రెడింగ్.టైమర్‌తో మరొక అపార్థం సాధారణం: దాని పేరు చూసి పదేపదే పిలుస్తుందనుకుంటారు. అది ఒక్కసారే పిలుస్తుంది. మళ్లీ కావాలంటే మళ్లీ కొత్త టైమర్‌ను సృష్టించాలి.

దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో, హాస్టళ్లలో ఉండి పగలు ఉద్యోగం, రాత్రి చదువు సాగించే విద్యార్థులు ల్యాప్‌టాప్ మూత మూసి బయటికి వెళ్లడం మామూలే. మూత మూస్తే సాధారణంగా కంప్యూటర్ నిద్రలోకి పోతుంది, దానితో కమ్మరి కూడా. ఎనిమిది గంటలకు మూత తెరిస్తే షెడ్యూల్ లైబ్రరీ ఆరు గంటల పనిని అప్పుడు ఒకసారి చేస్తుంది. ప్రతి నిమిషానికీ జరగవలసిన పని అయినా సరే, దాటిపోయినన్నిసార్లు కాక ఒక్కసారే చేస్తుంది. ఏపీషెడ్యూలర్ 3వ తరం ఇక్కడ భిన్నంగా ప్రవర్తిస్తుంది. మనం వేరే ఏమీ చెప్పకపోతే వేళ దాటి ఒక్క సెకను మించిన పనిని వదిలేసి, వేళ తప్పిందని ఒక హెచ్చరిక మాత్రం ఇస్తుంది. ఆ గడువును మిస్‌ఫైర్_గ్రేస్_టైమ్ అనే విలువతో పెంచుకోవచ్చు. మన ఉదాహరణలో గంట సరిపోతుంది. అంతకు మించి ఆలస్యమైన ధర రైతుకు ఎలాగూ పనికిరాదు.

ఆరు గంటలు ఎవరి ఆరు గంటలు?

ఇంట్లో సరిగా పనిచేసిన ప్రోగ్రామ్‌ను క్లౌడ్ సర్వర్ మీద పెట్టగానే సందేశం రాత్రి 11:30కు వెళ్లడం మొదలవుతుంది. కోడ్‌లో ఏ మార్పూ లేదు. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి. భారత ప్రామాణిక సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. సర్వర్‌కు 18:00 అయ్యేసరికి మనకు 23:30 అవుతుంది. ఆలస్యం సరిగ్గా అయిదున్నర గంటలుంటే మరి ఏ ఇతర కారణాన్నీ వెతకనవసరం లేదు. సర్వర్‌లో డేట్‌టైమ్.డేట్‌టైమ్.నౌ()ను ప్రింట్ చేసి చేతి గడియారంతో పోల్చితే నిర్ధారణ అవుతుంది.

సవరణ రెండు విధాలు. 18:00 బదులు 12:30 అని రాయవచ్చు. మన దేశంలో వేసవి, శీతాకాలాలకు గడియారాలు మార్చే పద్ధతి లేదు కనుక ఏడాది పొడవునా ఇది సరిపోతుంది. కాని ఆరు నెలల తరువాత ఆ కోడ్ చదివేవారికి ఈ పన్నెండున్నర ఎక్కడిదో అర్థం కాదు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన బంధువుల కోసం ఇదే ప్రోగ్రామ్ రాస్తే ఈ పద్ధతి ఏడాదికి రెండుసార్లు గంట తేడాతో తప్పుతుంది, ఎందుకంటే అక్కడ గడియారాలు మారుతాయి. కాబట్టి సమయంతో పాటు సమయ మండలం పేరును కూడా చెప్పడమే మంచి పద్ధతి. షెడ్యూల్ లైబ్రరీ ఇటీవలి వెర్షన్లలో ఎట్("18:00", "ఏషియా/కోల్‌కతా") అని రాయవచ్చు. దానికి పైట్జ్ అనే లైబ్రరీ కూడా ఉండాలి. హైదరాబాద్ పేరుతో వేరే మండలం లేదు, దేశమంతటికీ ఆ ఒక్క పేరే.

ఈ పైట్జ్ దగ్గరే మరొక విచిత్రమైన దోషం ఉంది. కొందరు షెడ్యూల్ లైబ్రరీ వాడకుండా, ఈ రోజు ఆరు గంటలు అనే క్షణాన్ని డేట్‌టైమ్‌గా తయారు చేసి, టీజెడ్‌ఇన్ఫో = పైట్జ్.టైమ్‌జోన్("ఏషియా/కోల్‌కతా") అని నేరుగా జతచేసి, ఆ క్షణం వరకు నిద్రించే కోడ్ రాస్తారు. అలా చేస్తే సందేశం 6:00కు కాక 5:37కు వెళుతుంది. ఇరవై మూడు నిమిషాలు ముందు! అప్పటికి ఆ రోజు ధర పోర్టల్‌లో ఎక్కకపోతే నిన్నటి ధరే నేటి ధరగా రైతుకు చేరుతుంది. ఎర్రర్ ఏదీ ఉండదు, సందేశం కూడా వచ్చింది కనుక ఎవరికీ అనుమానం రాదు.

ఈ ఇరవై మూడు నిమిషాలు చరిత్రలోంచి వచ్చాయి. ప్రపంచ సమయ మండలాల దత్తాంశంలో ప్రతి మండలానికీ దాని పాత సమయాలు కూడా నమోదై ఉంటాయి. కోల్‌కతాకు మొదటి నమోదు ఆ నగరపు స్థానిక సౌర సమయం, యూటీసీకి 5 గంటల 53 నిమిషాలు ముందు. తరువాత 5 గంటల 21 నిమిషాల మద్రాసు సమయం, 1906 జనవరి 1 నుంచి నేటి 5:30. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాలను గంట ముందుకు జరిపి 6:30 పాటించిన రోజులు కూడా అందులో ఉన్నాయి. పైట్జ్ మండలాన్ని నేరుగా జతచేసినప్పుడు తేదీని చూడకుండా మొదటి నమోదునే తీసుకుంటుంది. 53లోంచి 30 పోతే 23. పైట్జ్‌లో దీనికి సరైన మార్గం లోకలైజ్ అనే పద్ధతి. పైథాన్ 3.9 నుంచి భాషతో పాటే వచ్చే జోన్‌ఇన్ఫోలో ఈ ఇబ్బందే లేదు, తేదీని బట్టి సరైన నమోదును అదే ఎంచుకుంటుంది. కొత్తగా రాసే కోడ్‌కు జోన్‌ఇన్ఫోనే వాడండి. విండోస్ మీద దానికి టీజెడ్‌డేటా అనే ప్యాకేజీని కూడా చేర్చవలసి ఉంటుంది.

కొద్దికొద్దిగా జారిపోయే వేళ

సమయం ఒక్కసారిగా తప్పకుండా కొంచెం కొంచెంగా జారడం వేరే దోషం. ప్రతి నిమిషానికీ ఒక పని చేయాలని, పని చేసి టైమ్.స్లీప్(60) అని రాశారనుకోండి. పనికి 4 సెకన్లు పడితే ఒక చుట్టుకు 64 సెకన్లు అవుతుంది. రోజుకు 1440 సార్లు జరగవలసింది 1350 సార్లే జరుగుతుంది. షెడ్యూల్ లైబ్రరీలోని ఎవ్రీ(1).మినిట్స్ కూడా పని ముగిశాక తరువాతి వేళను లెక్కిస్తుంది కనుక ఇలాగే జారుతుంది. ఎట్("18:00") వంటి నిర్దిష్ట సమయానికి ఈ దోషం అంటదు. వ్యవధి ఖచ్చితంగా కావాలంటే తరువాతి వేళను ముందటి వేళకు 60 కలిపి లెక్కించి, ఇంకా మిగిలినంత సేపే నిద్రించాలి.

జారుడు చిన్నదని తీసివేయకూడదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థ ఒక స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది, 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. ఆ వ్యవస్థ సెకనులో పదోవంతు లెక్కన కాలాన్ని కొలిచేది. 0.1 అనే సంఖ్యను ద్విసంఖ్యామానంలో పూర్తిగా రాయలేం. మిగిలిన సూక్ష్మమైన తేడా సుమారు 100 గంటల ఏకధాటి వాడకంలో పెరిగి సెకనులో దాదాపు మూడోవంతు అయింది. స్కడ్ వేగానికి అది అరకిలోమీటరుకు పైగా దూరం. పైథాన్‌లో 0.1ని పదిసార్లు కూడి 1.0తో సమానమో కాదో అడిగి చూడండి. ఫాల్స్ అని వస్తుంది. వేళను పోల్చేటప్పుడు 'సమానమైతే' అని కాకుండా 'సమానమైనా, దాటినా' అని రాయాలనడానికి ఇదొక కారణం. 18:00:00 అయిన సెకనులోనే చూడగలిగితే తప్ప సమానత పరీక్ష ఆ రోజుకు తప్పిపోతుంది.

పిలుపు అందింది, పని ఆగింది

ఇక నాలుగో స్థానం. వేళకు ఫంక్షన్‌ను పిలిచారు, లోపల ఎక్సెప్షన్ వచ్చింది. ఒకరోజు పోర్టల్ తెరుచుకోలేదు, లేదా సెలవు కారణంగా ధర ఖాళీగా ఉంది. షెడ్యూల్ లైబ్రరీ ఫంక్షన్‌లోని ఎక్సెప్షన్‌ను పట్టుకోదు. అది లూపును దాటి బయటికి వచ్చి ప్రోగ్రామ్ మొత్తాన్ని ఆపేస్తుంది. సోమవారం ఒక్క ధర దొరకనందుకు ఆ వారమంతా సందేశాలు ఉండవు. టైమర్‌లో ఆ థ్రెడ్ మాత్రమే చస్తుంది, ప్రధాన ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు సాగుతుంది. టికింటర్‌లోనూ కిటికీ బాగానే ఉంటుంది. కాని తరువాతి ఆఫ్టర్ వరుసను ఫంక్షన్ చివర రాసి ఉంటే, ఎక్సెప్షన్ వల్ల అక్కడి దాకా రాదు, గొలుసు అక్కడితో తెగుతుంది. ఏపీషెడ్యూలర్ మాత్రం ఎక్సెప్షన్‌ను లాగ్‌లో రాసి మరునాటి పిలుపును నిలుపుకుంటుంది.

దీనికి విరుగుడుగా కొందరు ట్రై రాసి, ఎక్సెప్ట్ కింద పాస్ అని పెడతారు. ప్రోగ్రామ్ ఆగదు, నిజమే. ఏమి జరిగిందో కూడా ఇక ఎప్పటికీ తెలియదు. జ్వరం తగ్గించమంటే థర్మామీటరు పగలగొట్టడం వంటిది ఇది. పాస్ ఉన్న చోట లాగింగ్.ఎక్సెప్షన్("ధర పంపడంలో దోషం") అని రాయండి. ఎక్సెప్షన్ పూర్తి వివరం ఫైలులో చేరుతుంది, లూపు కూడా సాగుతుంది. ఫంక్షన్ మొదటి వరుసలో 'మొదలైంది' అని, చివరి వరుసలో 'ముగిసింది' అని లాగింగ్.ఇన్ఫో పెడితే, మరునాడు ఆ ఫైలు చూడగానే వ్యవహారం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 'మొదలైంది' లేకపోతే పిలుపే అందలేదు. 'మొదలైంది' ఉండి 'ముగిసింది' లేకపోతే లోపల చిక్కుకుంది. లాగింగ్ మొదట హెచ్చరికల స్థాయి నుంచే రాస్తుంది కనుక బేసిక్‌కాన్ఫిగ్‌లో స్థాయిని ఇన్ఫోకు దించడం, ఫైలు పేరు, సమయం కనిపించే ఫార్మాట్ ఇవ్వడం మరిచిపోవద్దు. లేకపోతే ఖాళీ లాగ్ చూసి, ఫంక్షన్ నడవలేదని పొరపాటు నిర్ణయానికి వస్తారు.

ప్రోగ్రామ్ బయటి షెడ్యూలర్

రోజుకు ఒక్కసారి చేసే పనికి ఇరవై నాలుగు గంటలూ ఒక ప్రోగ్రామ్‌ను నడిపి ఉంచడం అనవసరమని నా అభిప్రాయం. లైనక్స్‌లో క్రాన్‌కు, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగిస్తే అవే వేళకు ప్రోగ్రామ్‌ను తెరిచి నడుపుతాయి. అక్కడ వచ్చే దోషాలు వేరు. క్రాన్ మీ ప్రోగ్రామ్‌ను అది ఉన్న ఫోల్డర్‌లోంచి నడపదు, అందువల్ల "ధరలు.సీఎస్‌వీ" అని ఉత్త పేరు రాసిన ఫైలు దొరకదు, పూర్తి దారి ఇవ్వాలి. పైథాన్‌కు కూడా పూర్తి దారి ఇవ్వాలి, లేకపోతే లైబ్రరీలు లేని మరొక పైథాన్ నడవవచ్చు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' అనే గడిలో మీ ఫోల్డర్ పేరు నింపాలి. అదే చోట కండిషన్స్ పుటలో, కంప్యూటర్ కరెంటుకు కలిపి ఉంటేనే పని మొదలుపెట్టాలన్న గుర్తు ముందే పెట్టి ఉంటుంది. చార్జర్ తీసి వాడే ల్యాప్‌టాప్‌లో ఆరు గంటల పని జరగకపోవడానికి పైథాన్‌తో ఏ సంబంధమూ లేని కారణం ఇది. సెట్టింగ్స్ పుటలో, వేళ తప్పిన పనిని వీలైనంత త్వరగా నడపమనే గుర్తు కూడా ఉంది, దాన్ని మీరే పెట్టుకోవాలి.

అభ్యాసం

కింది మూడు వరుసలతో ముగిసే ప్రోగ్రామ్‌ను కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపారు:

టి = థ్రెడింగ్.టైమర్(60, ధర_పంపు())
టి.డీమన్ = ట్రూ
టి.స్టార్ట్()

1. నడిపిన వెంటనే ఏమి జరుగుతుంది? నిమిషం తరువాత ఏమి జరుగుతుంది?
2. రెండో వరుసను తీసివేస్తే నిమిషం తరువాతి ఫలితం ఎలా మారుతుంది? ఎందుకు?
3. ధర_పంపు ప్రతి నిమిషానికీ జారుడు లేకుండా నడిచేలా, ఒకరోజు ధర దొరకకపోయినా ఆగకుండా ఉండేలా ఈ భాగాన్ని తిరిగి రాయండి. రాసినదాన్ని పది నిమిషాలు నడిపి, లాగ్ ఫైలులోని సమయాలను మీ జవాబుకు జతచేయండి.